ఇసుక బస్తాలకి బదులు

మొదటి గుద్దుకి మాక్సీ పన్ను ఊడి మంచులో పడింది. రెండో గుద్దుకి మాక్సీయే పడ్డాడు.

"మా అన్న ఎక్కడ?" అన్నాడు వాసిలీ.

"నదినడుగు, పో."

మూడోది బూటుకాలితో డొక్కలో తగిలింది.

వాసిలీ అతని చేతులు వెనక్కి విరిచి కట్టాడు. ఈడ్చుకెళ్ళి స్లెడ్జి బండిలో పడేశాడు. మామూలుగా అక్కడ రెండు ఇసుక బస్తాలుంటాయి. జనవరిలో కుక్కబళ్ళ పందెం నాటికి కుక్కలకి బలం రావాలంటే బరువు లాగించాలి.

"ఇవాళ ఇసుకకి సెలవు. బస్తావి నువ్వే."

వాసిలీ అన్న ఎవాన్ మాయమై ఇరవై రోజులైంది. కుస్కోక్విమ్ నదిలో ఐసు కింద వేసిన వల చూడ్డానికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. మంచు మీద తోలే అతని మోటారు బండి వల పక్కనే దొరికింది. పోలీసు విమానం వచ్చి వెతికింది. ఊరంతా ఐసుకి కన్నాలు వేసి, కొక్కేలతో నది అడుగు గాలించింది. ఏమీ తగల్లేదు.

ఆ వల చోటు నాదంటే నాదని, అంతకుముందు రోజే అందరి ఎదుటా ఎవాన్ మీద గునపం ఎత్తాడు మాక్సీ. ఊరికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఎవాన్ భార్య ఒలింకా తుపాకీతో వచ్చి, బండిలో మాక్సీ కాళ్ళ మీదే కూర్చుంది. ఆమెకి కావలసింది ఒక్కటే. మొగుడి శవం. పూడ్చి, పైన శిలువ నాటాలి.

"ఇవాళ కక్కుతాడు వదినా," అన్నాడు వాసిలీ. "ఎగువన గడ్డకట్టని మడుగుంది. తల ముంచుతాను. చెప్తే పైకి తీస్తాను."

"చెప్పకుండా చచ్చాడో, తర్వాత ముంచేది నిన్నే," అంది ఒలింకా.

పన్నెండు కుక్కలూ తాళ్ళు తెంపుకునేలా ఎగురుతున్నాయి. అన్నీ ఈ శీతాకాలమే మొదటిసారి పట్టీలు వేసుకున్న కుర్రవి. వాసిలీ తప్ప ఇంకెవరూ వాటిని తోలలేదు. తిండి పెట్టనూ లేదు. కిందటి నెల ఎవడో సరదాకి చేపతల విసిరితే, వాడి వేలు విరిచేశాడు వాసిలీ. మూడేళ్ళుగా పందెంలో మొదటి స్థానం ఎవాన్‌ది, రెండోది వాసిలీది. ఈసారి అన్న పేరు మీద గెలుస్తానని చర్చిలో ఏడుస్తూ చెప్పాడు.

బండి కదిలింది. మంచు గట్టిగా ఉంది. ప్రతి కుదుపుకీ మాక్సీ నోట్లోంచి రక్తం చిమ్ముతోంది.

గంట పరుగు తర్వాత, పాత చేపల గుడిసె దగ్గర కుక్కలు వాటంతటవే ఆగాయి. వరసగా కూర్చుని వెనక్కి తిరిగాయి. వాసిలీ దిగి, ఒక్కోదానికి ఎండు సాల్మన్ ముక్క నోట్లో పెట్టాడు.

"నువ్వు ఆపకుండానే ఆగాయే!" అంది ఒలింకా.

"రోజూ ఇక్కడే పెడతాను. ఒక్కసారి తిన్నా ఆ చోటు మరవవు వదినా."

"నాకూ ఓ ముక్క పెట్టరా వాసిలీ. బస్తాకి ఆకలేస్తోంది," అన్నాడు మాక్సీ.

ఒలింకా తుపాకీ మడమ అతని దవడ మీద దిగింది.

మళ్ళీ పరుగు. ఎడమవైపు ఒక సన్నటి పాయ నదిలో కలిసే చోటు వచ్చింది.

"ఈ పాయలో వెతికారా?" అంది ఒలింకా.

"ఇటెవడొస్తాడు? నేనే ఎప్పుడూ రాలేదు," అన్నాడు వాసిలీ.

అప్పుడే అన్నిటికన్నా ముందున్న కుక్క రూబీ ఎడమకి తిరిగింది.

"కుడి! రూబీ, కుడికి!"

రూబీ వినలేదు. పదకొండూ దాని వెంటే తిరిగాయి. వాసిలీ రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. కొత్త మంచులో అది పట్టలేదు. కుక్కలు ఇంకా జోరందుకున్నాయి. పాయ మలుపులో, వరదకి కొట్టుకొచ్చిన దుంగల గుట్ట దగ్గర టక్కున ఆగాయి.

వాసిలీ దూకి వెళ్ళి రూబీ మూతి మీద తన్నాడు. అది కుయ్యిమంది. మళ్ళీ తన్నాడు.

"ఎందుకొచ్చాయి ఇటు?" అంది ఒలింకా.

"కుందేలు వాసన తగిలుంటుంది. నడు! లే! నడవ్వే ముండా!"

ఒక్కటీ కదల్లేదు.

ఒలింకా దిగింది. దుంగల సందున మంచులోంచి ఏదో పొడుచుకొచ్చింది. సీల్ తోలు బూటు. మడమ మీద ఎర్రదారం కుట్టు. కిందటి చలికాలం ఆమె వేసిన కుట్టే.

తుపాకీ మెడకి తగిలించుకుని చేతులతో తవ్వింది. గోళ్ళు చిట్లాయి. ఎవాన్ బోర్లా పడి ఉన్నాడు. తల వెనక గొడ్డలి దిగిన పగులు.

ఆమె అరవలేదు. అరిచింది వాసిలీ.

"ఇక్కడ దాచావుట్రా! కుక్కకన్నా హీనంగా ఇక్కడ పారేశావుట్రా!"

మాక్సీని జుట్టు పట్టి బయటికి లాగాడు. ముఖం ఐసుకేసి కొట్టాడు. ముక్కు పగిలిన చప్పుడు పాయంతా వినిపించింది. బండిలోంచి గొడ్డలి లాగాడు.

"అక్కా, నేను కాదు!" అన్నాడు మాక్సీ, నోటి నిండా రక్తంతో. "ఈ పాయ మొహమే చూడలేదు నేను!"

"వదినా, పక్కకి జరుగు."

"వీణ్ణి చంపేది నేను," అంది ఒలింకా. తుపాకీ గొట్టం మాక్సీ నుదుటికి ఆనించింది. వేలు మీటని వెతుక్కుంది.

వెనకనుంచి ఏదో టపటపమని చప్పుడు. ఆమె తల తిప్పింది.

మూతినుంచి రక్తం కారుతున్న రూబీతో సహా పన్నెండు కుక్కలూ వరసగా కూర్చుని, తోకలు మంచుకేసి కొడుతూ, మెడలు వెనక్కి తిప్పి, చేపముక్క కోసం వాసిలీ చేతికేసి చూస్తున్నాయి.