కంతలోంచి మాటలు

తమ ఊరున్న గంజాం కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసిందని, వేటకు పడవ కుట్టడం అవగానే దానితో సహా తెలుగువైపున్న బారువ పోయి మనవాళ్ల మధ్య ఉందామన్నాడు పోతయ్య.

"నువ్వెల్లు. నాను రాను," అంది భార్య కాసమ్మ. ఆ రోజు నుంచి మాటల్లేవు.

కానీ మేకుల్లేకుండా తాడుతో కుట్టే ఆ పడవ ఒక్కరు కుట్టేది కాదు. పలకల కంతల్లోంచి కొబ్బరితాడు లోపలినుంచి ఒకరు తోస్తే, బయటినుంచి ఇంకొకరు లాగాలి. లోపల కాసమ్మ, బయట పోతయ్య, కంతలోంచి అన్న మాట మాట్లాడినట్టు కాదని ఎవరికి వారే తీర్మానించుకున్నారు.

"లాగు."

"లాగినాను. అంబలి తాగినావా?"

"తాగినాను. బిగించు."

పది రోజుల పని నెలన్నరైనా తెమల్లేదు. ఇవాళ వేసిన కుట్టు రేపటికి ఊడుతోంది.

"తాడు పుచ్చిపోనాదేటి?"

"పుచ్చు తాడే."

పక్క పడవలన్నీ వేటకు వెళ్లిపోయాయి. ఆ పూట కాసమ్మ ఇంట్లో లేదు. ఎప్పటిలాగే కుట్లు తెంపుదామని పోతయ్య చూరులో దాచిన కత్తికి చెయ్యి పెట్టాడు. కత్తి లేదు.

ఒడ్డుకు వెళ్లి చూస్తే, పడవలో కూర్చుని కాసమ్మ ఆ కత్తితోనే కుట్లు తెంపుతోంది.

పోతయ్య చప్పుడు చెయ్యకుండా బయట కూర్చుని, కంత దగ్గర నోరు పెట్టాడు.

"ఇటేపునుంచి లాగమంటావా?"