బుట్టలో మిగిలిన బాణాలు

కంచరగాడిద వచ్చి బుర్జక్ టోపీ కొరికింది.

అప్పటికి అతను కొండ కనుమలో, మంచులో కూలబడి చాలాసేపయింది. చీలమండ విరిగింది. రోమనుల కోట పట్టుకొస్తామని బయలుదేరిన పారశీక సేన, జలుబు పట్టుకొని తిరిగొస్తోంది. ముట్టడికని వెళ్లి గోడనైనా ముట్టుకోలేదు. "ఇప్పుడే వస్తాం, ఇక్కడే ఉండు" అన్న తోటి విలుకాళ్లు కొండ దిగి వెళ్లిపోయారు.

ఇక్కడే ఉండక ఎక్కడికి పోతాడు?

"ఒరే, ఉన్నావా, పోయావా?" గాడిద వెనక నుంచి ఒక ముసలి గొంతు.

"తెలీడం లేదు తాతా."

"మాట్లాడుతున్నావుగా, ఉన్నట్టే. పోయినవాళ్లు నాతో ఇంత మర్యాదగా మాట్లాడరు."

ముసలాయన తన కాళ్లకున్న ఉన్ని పట్టీలు విప్పి బుర్జక్ కాలికి చుట్టాడు. అతన్ని ఎత్తి గాడిద మీద కూర్చోబెట్టి, "మూడు వందల తొంభై ఆరు" అన్నాడు.

"ఏంటది?"

"నువ్వే."

"నా పేరు బుర్జక్."

"అది మీ అమ్మ పెట్టింది. ఇది నేను పెట్టా."

పిచ్చివాడనుకున్నాడు బుర్జక్. అయినా తెలివైనవాళ్లు వదిలేసిన చోట ఉండటం కన్నా పిచ్చివాడి గాడిద మీద ఉండటమే మేలు.

"కాస్త తొందరగా తోలు తాతా. పౌర్ణమికల్లా రాజధాని చేరాలి. ఆ రోజు పొద్దు గూకగానే బుట్టలకి ముద్ర వేసేస్తారు."

జనాన్ని బుట్టలో వేయని రాజు ఎక్కడా ఉండడు. పారశీక రాజు బాణాలను కూడా వేయిస్తాడు. దండు కదిలే ముందు ప్రతివాడూ గద్దె ఎదుట ఒక బాణం బుట్టలో వేయాలి. తిరిగొచ్చాక ఒకటి తీసుకోవాలి. ముద్ర పడే వేళకు ఎన్ని మిగిలితే అంతమంది పోయినట్టు. సేనానికి మెప్పో, ముప్పో దాన్నిబట్టే.

"ముద్ర పడ్డాక వెళితే ఏమవుతుందిరా?"

"నడిచొచ్చినా శవాన్నే. మా అమ్మ ఆ బుట్టల దగ్గరే నిలబడి ఉంటుంది తాతా. మా నాన్నప్పుడూ అలాగే నిలబడింది. నేను చంకలో ఉన్నానట. పొద్దు గూకింది, ఆయన బాణం బుట్టలోనే ఉండిపోయింది. ఇంకోసారి తట్టుకోలేదు ఆవిడ."

ముసలాయన గాడిదను గట్టిగా అదిలించాడు.

"ఎవరి దండు మీ నాన్నది?"

"యజ్దాద్ అని ఒక సేనాని ఉండేవాడులే. మంచు ముంచుకొస్తోందని తను ముందు దిగిపోయి, వెనకబడ్డవాళ్లను ఈ కనుమలోనే వదిలేశాడు. వాడి నోట్లో మన్ను పడ!"

"పడే ఉంటుందిలే."

"నీకెలా తెలుసు?"

"ఈ దారిన నడిచిన ప్రతివాడి నోట్లోనూ పడుతుంది. ఇదిగో, జర్దాళు పండు. చప్పరించు."

"నువ్వు తినవా?"

"పళ్లు తినాలంటే పళ్లుండాలిరా."

ఇరవై రోజులు నడిచాడు ముసలాయన. ఒక్కపూటైనా గాడిదెక్కలేదు.

"నీ గాడిద కన్నా నువ్వే మొండి తాతా!"

"అందుకే అది నా మాట వింటుంది."

పౌర్ణమి నాడు, పొద్దు ఖర్జూర చెట్ల వెనక్కి జారుతుండగా మైదానం అంచుకు చేరారు. బుట్టలు దూరంగా కనిపిస్తున్నాయి. ముసలాయన అక్కడే ఆగిపోయాడు.

"లోపలికి రావా?"

"మా గాడిదకి పెద్దవాళ్లంటే పడదు. నువ్వు పరిగెత్తు."

"ఒంటికాలితోనా?"

"అయితే గెంతు!"

ఒక్క మంచిమాటైనా చెప్పకుండా గెంతాడు బుర్జక్.

బుట్టల కాపలాదారు దీన్‌యార్ ముద్ర పైకెత్తాడు. బుర్జక్ తల్లి ఆ చేతిని పట్టుకుని వేలాడుతోంది. "ఇంకొక్క క్షణం నాయనా, ఒక్క క్షణం!"

ఆ క్షణంలోనే బుర్జక్ వచ్చి బుట్టలో చెయ్యి పెట్టాడు. బాణం తీశాడు.

తల్లి ముందు వీపు మీద ఒక్కటిచ్చింది. "ఇప్పుడా రావడం, వెధవా!" ఆ తర్వాత కావలించుకుని వదల్లేదు.

"ఎవర్రా నిన్ను తెచ్చింది?"

"ఎవరో గాడిద తాత."

"పేరు?"

"అడగలేదు."

"ప్రాణం పోసినవాడి పేరు అడగలేదా? ఆ పేరు చెప్పి నిప్పులో సాంబ్రాణి వేద్దామనుకున్నానే!"

బుర్జక్ గిర్రున తిరిగి చూశాడు. మైదానం అంచున ఎవరూ లేరు. కొండల దారిలో కాస్త దుమ్ము లేచి ఉంది, అంతే.

"ఆ ముసలాయన అంకె ఏదైనా చెప్పాడా?" అడిగాడు దీన్‌యార్.

"అవును. నన్ను మూడు వందల తొంభై ఆరన్నాడు."

"అయితే ఇంకా పదహారు."

"ఏం పదహారు?"

"ఒకప్పుడు ఆయన మూలంగా ఈ బుట్టల్లో నాలుగు వందల పన్నెండు బాణాలు మిగిలిపోయాయి. అంతమందిని బతికించి తెచ్చేదాకా ఇంటి గడప తొక్కనన్నాడు. ఏ దండు కదిలినా దాని వెనకే పోతాడు."

దీన్‌యార్ బుర్జక్ తల్లి చెవి దగ్గరకు వంగి ఒక పేరు చెప్పాడు.

ఆవిడ విప్పబోయిన సాంబ్రాణి పొట్లాన్ని మళ్లీ మూసేసింది. ఇరవై ఏళ్లుగా ఆ పేరు ఆవిడ నోట తిట్టుగా తప్ప వచ్చింది లేదు. బుర్జక్‌కు వచ్చిన తిట్లన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నవే.

ఆవిడ కొడుకు మొహం చూసింది. కొడుకు కాలికి చుట్టి ఉన్న ఉన్ని పట్టీలను చూసింది.

తర్వాత బుట్టల పక్కనున్న నిప్పుల కుండ దగ్గరకు నడిచి, పొట్లం విప్పి ఉన్నదంతా అందులో పోసి, మైదానమంతా వినబడేలా అన్నది: "నా బిడ్డను ఇంటికి చేర్చిన యజ్దాద్ చల్లగా ఉండాలి!"