ఒకే బెంచీ వాళ్లం

బాలికి పొగరెక్కిందట. కన్నతల్లయ్యుండీ కొడుకు విగ్రహానికి ఒక్క దండ వెయ్యడానికి కూడా చేతులు రావడం లేదట. అడ్డరోడ్డు పక్కింటి నాగలత వచ్చేపోయేవాళ్లందరికీ అదే చెబుతోంది.

నవంబరు ఇరవై ఆరు రాజ్యాంగ దినోత్సవం. బాలి కొడుకు, జవాను సంతోష్ సరిహద్దు కాల్పుల్లో చనిపోయిందీ అదే తేదీన. అందుకే టేకులపల్లి దారిలోని అతని విగ్రహం ముందు ఊరు ఏటా రెండు కార్యక్రమాలూ కలిపే చేస్తుంది.

విగ్రహం సర్పంచ్ జయప్రకాశ్ పెట్టించాడు. పదో తరగతి గ్రూపు ఫోటోలో ఇతనే సంతోష్ అని శిల్పికి తనే వేలు పెట్టి చూపించాడు. మీసం, టోపీ శిల్పి చేర్చాడు. "సంతోషూ నేనూ ఒకే బెంచీ" అని ప్రతి ఏడూ మైకులో చెప్పుకుంటాడు జయప్రకాశ్.

ఆవిష్కరణ రోజు బాలి తండా నుంచి వచ్చింది. తెర తీశాక కాసేపు చూసి, దండ పక్కన పెట్టి వెళ్లిపోయింది. దుఃఖం పాపం, అన్నారు. తర్వాత ఎన్నడూ రాలేదు. దుఃఖమన్న నోళ్లే పొగరనడం మొదలుపెట్టాయి.

పోయినేడు ఒక ఆఫీసరు "తల్లి ఏరీ?" అన్నప్పుడు జయప్రకాశ్‌కు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈసారి వచ్చేది కలెక్టర్. అందుకే స్వయంగా తండాకెళ్లి, బతిమాలి, బాలిని కారులో తెచ్చాడు.

తండావాడే, పదో తరగతి దాకా చదివిన లాల్‌సింగ్ ఎప్పట్లాగే కుర్చీలు వేస్తున్నాడు. మాసిన గడ్డం మీదుగా తువ్వాలు చుట్టుకుని, విగ్రహానికి వీపు తిప్పి. దండలు వేసేవేళకు ఏటా ఎటో మాయమవుతాడు. తండా పిల్లలు అతనికి సెల్యూట్ కొట్టి పారిపోతున్నారు.

"ఏందిరా ఈ కోతి చేష్టలు!" జయప్రకాశ్ కసిరాడు.

రాజ్యాంగ పీఠిక చదివారు. 'సమానత్వం' దగ్గర జయప్రకాశ్ గొంతు పెంచాడు. చప్పట్లు మోగాయి.

దండ బాలి చేతికిచ్చారు. ఆమె కదల్లేదు.

"ఎయ్యవే, కలెక్టర్ సారు చూస్తుండు" నాగలత గొణిగింది.

జయప్రకాశ్ మైకు పట్టుకునే ఆమె దగ్గరికొచ్చాడు. "ఏందమ్మా? నీ కొడుక్కి దండ ఎయ్యడానికి కూడా మేం బతిమాలాల్నా?"

బాలి విగ్రహాన్ని చూసింది. చివరి వరుస కేసి చెయ్యి చాపింది; ఈసారి జనం ఎక్కువై అక్కడింకా కుర్చీలు పడుతూనే ఉన్నాయి. మాట మైకులో అందరికీ వినిపించింది.

"గా మొఖం నా కొడుకుది గాదు బిడ్డా, అగో, నీకు కుర్చీలేస్తున్న లాల్‌సింగ్‌ది."