లోతు మట్టి

సోమవారం ఉదయం ఎనిమిదింటికి రేవు ల్యాబు నుంచి కబురొచ్చింది. ఎర్రయ్య తెచ్చిన సముద్రపు మట్టిలో ఏ జీవీ బతికి లేదు.

పాత మందులు పనిచేయడం మానేశాక ఊళ్ళో చేపల వేట తగ్గింది. ఇప్పుడు పడవలు చేపలకు బదులు సముద్రం లోతు నుంచి మట్టి తెస్తాయి. అందులోని సూక్ష్మజీవుల నుంచి ల్యాబు కొత్త మందులు తీస్తుంది. ఎర్రయ్య కూతురు పైడితల్లికి కాలిలో ముల్లు దిగి చీము పట్టింది. దానికి పనికొచ్చే జీవి ఒక్కచోటి మట్టిలోనే ఉంది. తుఫాను వచ్చేలోపల ఎర్రయ్య ఒక్క డబ్బా తేగలిగాడు.

"డబ్బా ఎవరైనా తెరిచారా?" అని ల్యాబులో పనిచేసే సుజన ఇంటికొచ్చి అడిగింది.

"నానే తీసినాను," అంది ఎర్రయ్య భార్య నూకాలు. "గంగమ్మ ఇచ్చింది ఒడ్డుకొత్తే పసుపునీళ్ళు సల్లమా? సదువుకుని అయ్యన్నీ మరిసిపోనావేటి?"

"పసుపుకి ఆ జీవులు చచ్చిపోతాయి అత్తా."

నూకాలు భర్త వైపు తిరిగింది. "మల్లీ తెత్తావు కదయ్యా?"

"జెండా దించనీ," అన్నాడు ఎర్రయ్య. రేవులో తుఫాను జెండా ఎగురుతుంటే పడవలు సముద్రంలోకి పోకూడదు.

గురువారం తుఫాను జెండా దించారు. ఎర్రయ్య వెంటనే మట్టి కోసం వెళ్ళాడు. శుక్రవారం మధ్యాహ్నం పడవ తిరిగొచ్చేసరికి పైడితల్లి చనిపోయింది. నూకాలు రేవుకొచ్చి డబ్బా అందుకుని, మూత తియ్యకుండా ల్యాబులో ఇచ్చింది.