మొండి కణాలు

"ఆ ప్లేట్లు పారెయ్యమ్మా. ఇంక చాలు," అన్నారు ప్రయోగశాల పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి.

పరిశోధకురాలు మైక్రోస్కోపు మీద నుంచి తల ఎత్తలేదు. ఆ గాజు ప్లేట్లలో ఉన్నవి మెదడు కణితి నుంచి తీసిన కణాలు. మందు పట్టించి, ఎర్రటి వెలుతురు వేస్తే చచ్చిపోవాలి. కానీ ఇవి మహా మొండివి. వెలుతురు పడేలోపే మందును బయటికి ఉమ్మేస్తున్నాయి.

"ఉమ్మేస్తే ఊరుకుంటానా సార్? ఈసారి వాటి నోరు మూయించే మందు కూడా కలిపాను."

"ఏడాదిగా ఇదే మాట. వేరే రోగి కణాలు తీసుకో, ఫలితాలొస్తాయి, నీకు పేరొస్తుంది. వీటితో ఏమిటా పంతం?"

"లొంగేవాటిని లొంగదీస్తే గొప్పేముంది?"

"ఇది నా ఉత్తర్వు అనుకో."

"అయితే నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి. ఈ ఎర్ర దీపం మాత్రం ఆర్పను."

ఆమె లేచి తన కుర్చీ ఆయనకిచ్చింది. ఆయన కూర్చుని మైక్రోస్కోపులోకి చాలాసేపు చూశారు. వెలుతురు పడినచోట కణాలు ఉబ్బి, చితికి, రాలిపోతున్నాయి. పడనిచోట మామూలుగానే ఉన్నాయి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"బాగానే చంపావు. కానీ ఈ మందు మనుషుల దాకా వచ్చేసరికి నేనుండనమ్మా. అవి నా తల్లోంచి తీసినవి. పారెయ్యమనే హక్కు నాకుంది."

"మీ తల్లో ఉన్నన్నాళ్ళూ మీవి సార్," అంటూ ఆమె ఇంకో ప్లేటును దీపం కిందికి జరిపింది. "ఇక్కడికొచ్చాక నావి."