తొట్టిలో అద్దం పలక

మా ఆవిడ రెండు ఆక్సొలాటల్‌లను పెంచేది. నీళ్ళలోనే బతికే తెల్లటి నాలుగుకాళ్ళ ప్రాణులవి. రాత్రయితే పెద్దది చిన్నదాని కాళ్ళు కొరుకుతుంది. అందుకే ఆమె రోజూ పడుకోబోయే ముందు చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి, తొట్టి మధ్యలో అద్దం పలక దింపేది. ఆమె పోయాక ఆ పని నాకొచ్చింది.

మొన్న మర్చిపోయాను. పొద్దున చూస్తే పలక దించి ఉంది.

"నువ్వు పెట్టావా తల్లీ?" అని కూతుర్ని అడిగాను.

"ఆ తొట్టి జోలికే పోను నాన్నా. మీరే పెట్టి మర్చిపోయుంటారు."

నిన్న కావాలనే పెట్టలేదు. పొద్దున మళ్ళీ దించే ఉంది.

ఈ రాత్రీ పెట్టలేదు. వెలుతురు వాటికి పడదని ఆమె కసిరేది కాబట్టి, దీపం ఆర్పి తొట్టి ముందు స్టూలు మీద కూర్చున్నాను. వీధిలైటు మసక వెలుగులో పెద్దది మెల్లగా చిన్నదాని వైపు జరిగింది. నా చెయ్యి పలక దాకా వెళ్ళి ఆగింది. చిన్నదానికేమైనా అయితే ఆమె నన్ను ఊరికే వదలదు.

వదలకపోతేనే బాగుండు.

వెనక బల్ల మీద గడియారం పెట్టిన చప్పుడయింది.

నేను తల తిప్పలేదు. ఆమెకి తొట్టి అందేలా స్టూలు కాస్త పక్కకి జరుపుకున్నాను.