జవాను పేరు

“ఢిల్లీలో మీ అబ్బాయి పేరు చెప్పడానికి అనుమతి కావాలి” అన్నాడు లియన్ ఇంగ్లీషులో.

బర్మా సైనిక పాలకులు దేశం నుంచి తరిమేసిన పార్లమెంటు సభ్యుడాయన. ఆ పాలకులతో స్నేహం మానుకోమని, తమవారికి సరిహద్దు తెరవమని మన ఎంపీలను అడగడానికి వెళుతూ, దారి మళ్లించుకుని పుల్లలచెరువు వచ్చాడు.

విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు సుందరరాజు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. “మా జయపాల్ మిజోరంలో జవాను. విదేశాంగ విధానంతో వాడికేం సంబంధం?”

“ఎవరినీ సరిహద్దు ఏరు దాటనివ్వవద్దని ఉత్తర్వు. అతను మమ్మల్ని దాటనిచ్చాడు. ఆ సంగతి వింటే మీ ఎంపీల మనసు కదలవచ్చు.”

“నా కొడుకు ఉత్తర్వు మీరడు. నేనలా పెంచలేదు.”

వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న ఎలీషబా తలెత్తింది. “ఏందంటాడు ఆయన? పిల్లోని పేరెత్తినాడే!”

సుందరరాజు భార్యకు తెలుగులో చెప్పి, లియన్ వైపు తిరిగాడు. “పేరు బయటపడితే వాడి ఉద్యోగం పోతుంది.”

“అతనికీ తెలుసు. అయినా చెప్పమన్నాడు.”

“మరి నన్నడగడం దేనికి?”

లియన్ తల దించుకున్నాడు. “అధికారులకు తెలిసినా ఫరవాలేదు, మా నాయనకు మాత్రం తెలియనివ్వొద్దు అన్నాడు. తండ్రి దగ్గర దాచిన సంగతి సభలో చెప్పడానికి నాకు నోరు రాలేదు.”

భార్య రెండుసార్లు అడిగినా సుందరరాజు ఆ మాటను తెలుగులో చెప్పలేకపోయాడు.

“చెప్పండి” అన్నాడు చివరికి. “సుందరరాజు కొడుకని కూడా చెప్పండి.”

సెల్లు తీసి కొడుకుకు చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు.

ఎలీషబా చేతులు చీరకొంగుకు తుడుచుకుని తన ఫోన్ అందించింది.

“దీంట్లో నుంచి చేయండి. మీ నంబరు చూస్తే పిల్లోడు ఎత్తడు.”